కుండల బండి వెనక

లాల్‌దర్వాజాలో మా గల్లీని మళ్లీ తవ్వారు. నీళ్ల పైపు కోసమని తవ్విన గుంతను మొరంతో, కంకరతో పూడ్చి, పైన తారు పొయ్యకుండానే పోయారు. పొద్దున పూట ఎవరో ఒకరు దుమ్ము అణగాలని దాని మీద బిందెడు నీళ్లు చల్లితే, తడిసిన ఎర్రమట్టి వాసన, దాని అడుగున ఎండిన రాతి వాసన, రెండూ కలిసి కిటికీలోంచి వచ్చి నేను చాయ్ తాగే కుర్చీ చుట్టూ తిరుగుతాయి. ఈ గల్లీ గురించి ఆఫీసుకు పోయి చెప్పాను, ఫోన్లో చెప్పాను, ఓట్లు అడగడానికి వచ్చినవాళ్లను గుమ్మంలో నిలబెట్టి చెప్పాను. అందరూ తల ఊపారు. నిన్న రెండు చేతుల్లో కూరగాయల సంచులతో ఆ కంకర మీద అడుగు చూసుకుంటూ నడుస్తుంటే, వెనకనుంచి స్కూటర్ మీద వచ్చిన కుర్రవాడొకడు హారన్ మీది వేలు తీయకుండా, "ఆంటీ, సైడ్" అన్నాడు. బరువు నా చేతుల్లో ఉంది. అతని బండి ఖాళీగా ఉంది. అయినా గోడకు ఆనుకొని నిలబడింది నేనే, అతను పోయాక అతని చక్రం కింద నుంచి లేచిన రాయి తగిలిందీ నాకే. ఇలాంటివి మనసులో పెట్టుకోవద్దని మా చెల్లెలు చెబుతుంది. నేను పెట్టుకోవడం లేదు, అవే ఉండిపోతున్నాయి. ముఖ్యంగా ఈ వాసన వచ్చినప్పుడు, కంకర బాట మీద ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో తెలిసిన ఒకే ఒక మనిషి, మా బాపు, ఆ తెలివి వల్ల ఏం పోగొట్టుకున్నాడో మళ్లీ మొదటి నుంచి గుర్తుకొస్తుంది.

బాపు పేరు సామేలు. సర్కారు వర్క్‌షాపులో హెల్పర్. అక్కడ ఆయన్ని "ఏయ్ సామేల్" అని పిలిచేవారు, ఆయనకంటే చిన్నవాళ్లు కూడా. మా గల్లీలో "పెట్టె సామేలు" అనేవారు, ఎందుకంటే ఆయన దగ్గర ఒక హార్మోనియం పెట్టె ఉండేది. ఆ పెట్టె ఆయనకు పెండ్లికి ముందు ఒక మిషన్ బడి మూతపడుతున్నప్పుడు అక్కడి పంతులు ఇచ్చిపోయిందట. ఒక పక్క చెక్క చిట్లి, తిత్తి మీద తోలు మాసికలు పడి, చూడడానికి అధ్వానంగా ఉండేది కాని, బాపు ముందు కూర్చుంటే దాని గొంతు మారిపోయేది. మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు గుడి సేవలో ఉన్న కుటుంబం మనిషి, పొద్దున్నే వాకిలి కడిగి పెద్ద ముగ్గు వేసేది. బాపు ఎన్నడూ ఆ ముగ్గు మీదుగా సైకిలు నడిపించలేదు, ఆమె చెప్పకముందే సైకిలును భుజానికెత్తి గోడ పక్కనుంచి అడుగు తీసి అడుగు వేస్తూ బయటికి తెచ్చేవాడు. ఆమె ఒకనాడు మా అమ్మతో, "మీ ఆయన మా ముగ్గు తొక్కడు, మంచోడే గని, సాయంత్రాలు ఆ పీపీ మోత జర తగ్గించుమను" అన్నది. పీపీ మోత అన్నది. నేను అక్కడే తలుపు పట్టుకొని నిలబడి ఉన్నాను.

ఆయన్ని "మాస్టరు గారూ" అని పిలిచే చోటు లోకంలో ఒకటే ఉండేది. ఫలక్‌నుమా రైలు పట్టాలు దాటి, ఊరు అయిపోయి, బండరాళ్ల గుట్టలు మొదలైన తర్వాత, దక్షిణానికి పోయే కంకర బాట చివరన ఒక చిన్న పల్లె, ఆ పల్లెలో మట్టిగోడల మీద రేకులు పరిచిన ప్రార్థన ఇల్లు. అక్కడ పాటకు పెట్టె వాయించేవాళ్లు లేక బాపును అడిగారు. ఆయన ప్రతి ఆదివారం పోయేవాడు. జీతం లేదు, ఆయన అడగలేదు. ఆయన సైకిలు ఊరి మొదట్లో కనబడగానే పిల్లలు "మాస్టరొచ్చిండు" అని అరుస్తూ లోపలికి ఉరికేవారు, ముసలమ్మలు చాప దులిపి వేసేవారు, సంఘపెద్ద యోహానయ్య గారు కూడా లేచి నిలబడి, "రండి మాస్టరు" అనేవాడు. ఆ మాట విన్నప్పుడు బాపు మెడ కొద్దిగా నిక్కేది. వారం పొడుగునా వంగి ఉన్న మెడ అది. నేను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చొని ఉండేదాన్ని కనుక ఆయన మొహం కనబడేది కాదు గాని, నా నెత్తి మీద ఆయన గడ్డం ఒక్క వేలెడు పైకి లేచిన సంగతి నాకు తెలిసేది.

ఆదివారం ప్రయాణం శనివారం సాయంత్రమే మొదలయ్యేది. బాపు పెట్టెకు అమ్మ పాత బొంత చుట్టి, పైన బస్తా గుడ్డ చుట్టి, పాత సైకిల్ ట్యూబును రిబ్బన్‌లాగ కోసిన రబ్బరు పట్టీలతో క్యారియర్‌కు కట్టి, నాలుగు దిక్కులా ఊపి చూసేవాడు. టైర్లలో గాలి కొంచెం తగ్గించేవాడు, గట్టి టైరు కంకర మీద ఎగురుతుందని. పొద్దున్నే అమ్మ జొన్నరొట్టెలో పచ్చికారం పూసి, చుట్టి, గుడ్డలో కట్టి ఇచ్చేది. ఫలక్‌నుమా దగ్గర మూల మీది హోటల్లో బాపు ఒక చాయ్ చెప్పి, సాసర్‌లో పోసి మొదట నాకిచ్చి, కప్పులో మిగిలింది తాను తాగేవాడు. ఆ చాయ్‌లో బొగ్గుల పొయ్యి వాసన, కాగి కాగి చిక్కబడిన పాల మీగడ, బయట అప్పుడే ఆగిన రైలు ఇంజను నూనె వాసన, పక్క బల్ల మీద ఎవరో ముంచుకు తింటున్న ఉస్మానియా బిస్కెట్ తీపి, ఇవన్నీ ఉండేవి. పట్టాలు దాటితే తారు అయిపోయేది. సైకిలు కింద మోత మారేది, జర్రుమని సాగేది కాస్తా కరకరమని నమిలినట్టు వినబడేది.

ఆ బాట మీద కాలాలన్నీ నేను ముందు కడ్డీ మీదనుంచే చూశాను. ఎండాకాలంలో గుట్టల మీద మోదుగులు అంటుకున్నట్టు పూసేవి, కంకర కాగి చెప్పుల అడుగు నుంచి సెగ కొట్టేది. వానల్లో బాట మధ్యలో ఎర్రనీళ్లు కాలువ కట్టి పోయేవి, రాళ్లు కడుక్కొని పైకి తేలి, ఎక్కడ కాలు పెట్టినా జారేవి. బతుకమ్మ రోజులొస్తే రెండు పక్కలా తంగేడు పసుపు, గునుగు తెలుపు, ఆడపిల్లలు ఒళ్లో కోసుకుంటూ పాడే పాటలు. ఆ తర్వాత సీతాఫలాలు. తెల్లారక ముందే గుట్టలెక్కి తెంపిన కాయల గంపలు నెత్తిన పెట్టుకొని ఆడవాళ్లు వరుసగా పట్నం వైపు నడిచి వచ్చేవారు, వాళ్లు దాటిపోయిన చాలాసేపటి దాకా గాలి తియ్యగా ఉండేది. చలికాలంలో ద్రాక్షతోటల మీద మంచు కప్పుకొని, పందిళ్ల కింద ఎవరో దగ్గుతున్న చప్పుడు మాత్రం వినబడేది.

బాపుకు ఆ బాటంతటికీ ఒకటే ధర్మం ఉండేది. బరువున్నోనిది బాట. నెత్తిన గంపతో మనిషి వస్తే సైకిలు మీదివాడు దిగాలి. దిగడమే కాదు, గాలి ఎటునుంచి వీస్తుందో చూసుకొని దుమ్ము వాళ్ల మీద పడని పక్కన నిలబడాలి. గొర్లమంద వస్తే బెల్లు కొట్టకూడదు, సైకిలు ఆపి ఊరికే నిలబడితే మంద దానంతటది రెండుగా చీలి పోతుంది. నడిచే మనుషులకైతే దూరాన ఉండగానే ఒక్కసారి కొట్టాలి, వెనకనే వచ్చి చెవిలో కొట్టకూడదు. ఎద్దులకు అసలే కొట్టకూడదు. కంకరలో ముందు బ్రేకు ముట్టుకోకూడదు, మలుపులో తొక్కకూడదు, హ్యాండిల్ బిగబట్టకూడదు, బండిచక్రాలు నడిచి నడిచి గట్టిపడ్డ గాడిలోనే పోవాలి, దిగుడులో దిగి నడవాలి. ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పింది కాదు. నేను కడ్డీ మీద ఆయన మోచేతుల మధ్య కూర్చొని ఉన్నాను కనుక ఆ చేతులు ఎప్పుడు వదులయ్యేవో, ఏ వేలు బ్రేకు మీదికి పోయేదో నా భుజాలకు తెలిసేది. బెల్లుకు బదులు ఆయన పాడేవాడు. ముందు ఎవరైనా కనబడితే కీర్తన ఒకటి ఎత్తుకొని సన్నగా పాడుకుంటూ దగ్గరికి పోయేవాడు. మనిషి గొంతుకు ఎద్దులు బెదరవు, మనుషులు విసుక్కోరు. "గా పాటల సైకిలొస్తుంది" అని గంపలవాళ్లే నవ్వుతూ ఓరకు జరిగేవారు. బాపు మాత్రం అప్పటికే దిగి ఉండేవాడు.

ఆ సంవత్సరం కోత పండుగ ఆరాధనలో నేను ఒంటరిగా ఒక పాట పాడాలని నిర్ణయమైంది. బాపు నాకు రోజూ సాయంత్రం ఆ పాట నేర్పాడు. అమ్మ తన పాత చీర అంచు కోసి నా గౌనుకు కుట్టింది. కోత పండుగ అంటే ప్రార్థన ఇంటి నిండా కొత్త పంట వాసన. ఒక మూల జొన్న కంకుల కట్టలు, ఒక మూల గుమ్మడికాయలు, బొబ్బర్లు, పల్లీలు, కాళ్లు కట్టేసిన కోళ్లు పాట మధ్యలో కొక్కొరొకోమనడం, తర్వాత అవన్నీ వేలం పాడడం, ఆ తర్వాత చెట్ల కింద ఇస్తర్లలో బగారన్నం, మేకకూర. పట్నం నుంచి ఒక పెద్ద పాస్టరుగారు కూడా ఆ రోజు వస్తున్నాడని యోహానయ్య గారు ముందు వారమే చెప్పాడు. "మాస్టరు, జర జల్ది రాండ్రి" అని బాపు చెయ్యి పట్టుకొని మరీ చెప్పాడు. బాపు ఆ పొద్దున ఇంకా జల్దిగా బయలుదేరాడు. చాయ్ కూడా ఆగి తాగలేదు. ఈ సంగతి నేను ఎవరి ముందైనా, ఎక్కడైనా చెప్పగలను.

పట్టాలు దాటి కొంత దూరం పోయాక ముందు ఒక ఎడ్లబండి కనబడింది. మేము పోయే వైపే పోతోంది. బండి నిండా గడ్డి పరిచి, గడ్డిలో కుండలు. మామూలు కుండలు కావు. తెల్లటి సున్నం పూసి, జాజుతో ఎర్రటి గీతలు గీసిన ఐరేని కుండలు, పెండ్లిలో కుమ్మరింటి నుంచి మేళతాళాలతో తెచ్చి దేవుని మూల పెట్టుకునేవి. వాళ్ల ఊళ్లో కుమ్మరి లేడు కాబోలు, ఇంత దూరం బండి కట్టి తీసుకుపోతున్నారు. కుండల మధ్య, తలకు రుమాలు చుట్టుకున్న ఒక ముసలాయన నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఎద్దులకు దారి తెలుసు, వాటి నడక వాటిది.

అక్కడ బాట ఒక్క బండి పట్టేంత వెడల్పే. రెండు పక్కలా కొత్తగా పోసిన వదులు కంకర కుప్పలు, వాటి అవతల లోతుగా దిగిన కాలువ. కంకర కుప్ప మీదుగా సైకిలు దాటిస్తే జారుతుంది, వెనక పెట్టె ఉంది, ముందు నేనున్నాను. బాపు దిగాడు, నన్ను దింపాడు. పాట ఎత్తుకున్నాడు. ముసలాయన కదలలేదు. గొంతు పెంచి పాడాడు. ఎద్దులు చెవులు ఆడించాయి, అంతే.

"తాతా, ఓ తాతా, జర బండి పక్కకు గుంజు" అన్నాడు.

గురక వినబడింది.

"బెల్లు కొట్టు బాపు" అన్నాను.

"వద్దు బిడ్డా, ఎద్దులు బెదుర్తయి. ఐరేని కుండలవి. ఒక్కటి పల్గినా పెండ్లోల్ల పానం కొట్టుకుంటది."

"మనం లేటయితం."

"ముందల వెడల్పొస్తది. ఆడ దాటుదాం."

ముందర వెడల్పు రాలేదు. కంకర కుప్పలే వచ్చాయి. బాపు ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో పెట్టె పట్టుకొని బండి వెనకే నడుస్తున్నాడు, నేను ఆయన పక్కన నా కొత్త అంచు గౌను దుమ్ము కాకుండా ఎత్తి పట్టుకొని నడుస్తున్నాను. ఒకసారి ఆయన సైకిలు నాకు అప్పజెప్పి, బండి పక్కనుంచి ముందుకు పోయి ఎద్దుల పగ్గం అందుకుందామని చూశాడు. పక్కన కుప్ప మీద కాలు జారి కంకర గలగలమంది. కుడిపక్క కట్టిన వలపటి ఎద్దు తల విదిలించింది, బండి ఊగింది, గడ్డిలో కుండలు ఒకదానికొకటి తగిలి టంగుమన్నాయి. బాపు అట్లాగే కొయ్యబారి నిలబడిపోయి, చప్పుడు ఆగాక మెల్లగా వెనక్కి వచ్చాడు. ఆయన అరచెయ్యి గీసుకుపోయి రక్తం వచ్చింది. దాన్ని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నువ్వు నీ పాట పాడు బిడ్డా. పెద్దగ పాడు. ఆడపిల్ల గొంతుకు లేస్తడేమో."

నేను పాడాను. మొదటి చరణం, రెండో చరణం, బాపు దిద్దిన చోట ఆగి ఊపిరి తీసుకొని మూడోది. దుమ్ము గొంతులోకి పోయింది. ఎండ ఎక్కుతోంది, కుండల మీది సున్నం మెరుస్తోంది. ముసలాయన ఒకసారి పక్కకు ఒత్తిగిలి, చేతిని చెంప కింద పెట్టుకున్నాడు. నా కోత పండుగ పాట విన్నది ఆ బండి ఒక్కటే. చివరికి ఒక కల్వర్టు దగ్గర కంకర కుప్పలు ఆగిపోయి, బాట విశాలమైంది. బాపు కుండలకు మూరెడు దూరం ఉంచి, చప్పుడు కాకుండా సైకిలు నడిపించుకుంటూ దాటి, ఇంకా ముందుకు పోయాకే నన్ను కడ్డీ మీదికి ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత ఆయన తొక్కిన తొక్కుడు అంతకు ముందెన్నడూ చూడలేదు. ఆయన గుండె నా వీపుకు తగిలి కొట్టుకుంటోంది.

ఊరి మొదట్లో పిల్లలెవరూ ఉరికి రాలేదు. ప్రార్థన ఇంట్లోనుంచి పాట వినబడుతోంది. పాట వెనక ఏదో వాయిద్యం, సన్నగా, ఈల వేసినట్టు. మేము గుమ్మంలో నిలబడ్డప్పుడు అందరూ తల తిప్పి చూశారు. ముందు వరసలో, బాపు కూర్చునే చాప మీద, యోహానయ్య గారి మేనల్లుడు ప్రభాకర్ కాలేజీ ప్యాంటు చొక్కాలో కూర్చొని, ఒళ్లో ఒక చిన్న ప్లాస్టిక్ కీబోర్డు పెట్టుకొని వాయిస్తున్నాడు. పట్నం పాస్టరుగారు కళ్లు మూసుకొని చప్పట్లు కొడుతున్నాడు. పాట అయిపోయింది.

"రండి మాస్టరు" అన్నాడు యోహానయ్య గారు, ఈసారి లేవకుండా. "ఇయ్యాల మీ ఇంటికాడ గడియారం నిద్రపోయినట్టున్నది."

నవ్వారు. చాపల మీద కూర్చున్న అందరూ నవ్వారు, బాపుకు ప్రతి వారం మజ్జిగ ఇచ్చే ముసలమ్మ కూడా. నేను బాపు వైపు చూశాను. ఇప్పుడు చెబుతాడు, బండి సంగతి, కుండల సంగతి, ముసలాయన సంగతి చెప్పి చెయ్యి చూపిస్తాడు అనుకున్నాను. ఆయన తుండుతో మెడ తుడుచుకున్నాడు.

"తప్పయింది అయ్యగారూ" అన్నాడు.

"ఏం ఫికర్ లేదు సామేలు. మా పిల్లగాడు పట్నంకెల్లి గిది తెచ్చిండు. బ్యాటరీ సెల్లేస్తే మోగుతది. ఇగ నీకు గీ మోతకోలు తప్పింది. మంచిగొచ్చి కూసో, పాట విను."

మాస్టరు అనే మాట ఆ రెండు వాక్యాల మధ్యే ఎక్కడో జారిపోయి, సామేలు మిగిలాడు. పెద్దవాళ్లెవరూ గమనించినట్టు లేరు. నేను గమనించాను.

బాపు పెట్టెను గోడ వారన దించాడు. బొంత విప్పలేదు. వెనక వరసలో, చెప్పులు విడిచే చోటుకు దగ్గరగా కూర్చున్నాడు. నా పాట మాట ఎవరూ ఎత్తలేదు. వేలం పాడారు, గుమ్మడికాయ కోసం ఇద్దరు అన్నదమ్ములు పోటీపడి అందరినీ నవ్వించారు, కోడి ఒకటి తాడు తెంపుకొని పాస్టరుగారి బల్ల ఎక్కింది. తర్వాత బగారన్నం. బాపు నా ఇస్తరిలో తన ముక్కలు కూడా వేసి, "తిను బిడ్డా, మస్తుంది" అన్నాడు. ఆ కూర రుచి ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరుగు దారిలో మలుపు దగ్గర డప్పుల మోత వినబడింది. పెండ్లివారు ఐరేని కుండలను నెత్తిన పెట్టుకొని, పైన నలుగురు చీర పందిరిలాగ పట్టుకొని, బాటకు అడ్డంగా పోతున్నారు. తెల్లటి కుండలు, ఎర్రటి గీతలు. బాపు మళ్లీ దిగాడు. గాలి చూసుకొని ఈ పక్కకు వచ్చి నిలబడ్డాడు. వేపచెట్టు కింద బండి విప్పి ఉంది, ముసలాయన మేలుకొని, బీడీ నోట్లో పెట్టుకొని అగ్గిపెట్టె కోసం జేబులు తడుముకుంటున్నాడు.

"అగ్గిపెట్టె ఉన్నదా నాయినా?"

"లేదు తాతా. మంచిగ చేర్నవా?"

"ఒక్కటి పల్గలే. మన ఎద్దులంటే మన ఎద్దులే. కన్నార్పకుండ తోలుకొచ్చిన" అన్నాడు ముసలాయన.

బాపు నవ్వాడు. నిజంగానే నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

"నువ్వెందుకు చెప్పలే బాపు? గాల్లకెందుకు చెప్పలే?" అని కడ్డీ మీద కూర్చొని దారి పొడుగునా అడిగాను.



"బాట ఇడిశినోడు చాటింపు ఏస్తడా బిడ్డా" అన్నాడు చివరికి. ఆ మాట చెప్పి ఊరుకున్నా బాగుండేది. కొంత దూరం పోయాక, నాతో కాదు, ఎదురు గాలితో అన్నట్టు, "చెప్పినా నమ్మకపోదురు" అన్నాడు.

తర్వాత కూడా కొన్ని ఆదివారాలు ఆయన పోయాడు. పెట్టె లేకుండా పోయాడు. సైకిలు తేలికైంది గనుక తొందరగా చేరేవాడు, అందరికంటే ముందు చేరి చాపలు పరిచేవాడు. "మాస్టరు" అని ఎవరూ అనలేదు, కావాలని మానేసినట్టు కూడా కాదు, వాయించే మనిషిని మాస్టరంటారు, వాయించని మనిషిని పేరుతో పిలుస్తారు, అంతే. మెల్లగా పోవడం మానేశాడు. పెట్టె మంచం కింద చేరింది. ఒక వానాకాలం తిత్తిని ఎలుకలు కొరికాయి. బాపు దాన్ని బయటికి తీసి, వేలితో చిల్లు కొలిచి, మళ్లీ లోపలికి తోశాడు. బాగుచేయించుకుందామని అమ్మ అంటే, "ఎవలు వినాలె" అన్నాడు. ఆయన చనిపోయినప్పుడు ఆ ఊరికి మేము కబురు పంపాం. ఎవరూ రాలేదు. వానలు పడుతున్నాయి, రాలేకపోయి ఉంటారని అమ్మ అన్నది. అమ్మ ఎప్పుడూ అందరికీ ఒక సాకు వెతికి పెట్టేది.

ఇన్నేళ్లలో ఆ గోడల మధ్య ఒక్కసారి ఒక్క మాట వినబడాలని నాకుండేది. సామేలు మాస్టరు ఆలస్యం చేసే మనిషి కాడు, అన్న మాట. ఎవరూ అనకపోతే నేనే అందామని, ఈ ఏడు కోత పండుగకు ఫలక్‌నుమాలో ఆటో మాట్లాడుకొని బయలుదేరాను.

ఆ బాట ఇప్పుడు లేదు. ఉన్నది పెద్ద రోడ్డు, మధ్యలో గోడ, రెండు పక్కలా రేకుల షెడ్లు, ఫంక్షన్ హాళ్లు, సిమెంటు లారీలు. ద్రాక్ష పందిళ్ల జాడ లేదు. గుట్టలను పగలగొట్టి కంకర చేసి ఎక్కడెక్కడికో పంపేశారు, సగం గుట్టలు తిని పారేసిన రొట్టెల్లాగ నిలబడి ఉన్నాయి. ఒక చోట నెత్తిన మూటతో ఒకామె డివైడర్ పక్కన ఒంటికాలి మీద నిలబడినట్టు నిలబడి, ఎవరైనా ఆగుతారేమోనని చూస్తోంది. "జర ఆపు భాయ్, ఆమెను దాటనియ్" అన్నాను.

"ఇధర్ రుకే తో పీఛే సే ఠోక్ దేతే అమ్మా" అన్నాడు ఆటో అతను. ఆపితే వెనకవాళ్లు గుద్దేస్తారట. అబద్ధం చెప్పలేదతను, వెనక లారీ హారన్ నా వీపులోనే మోగుతోంది. తల తిప్పి చూస్తే ఆమె ఇంకా అక్కడే ఉంది.

ప్రార్థన ఇల్లు ఇప్పుడు టైల్స్ అతికిన పెద్ద మందిరం. చాపల బదులు ప్లాస్టిక్ కుర్చీలు. గోడ మూలన మనిషి ఎత్తు స్పీకర్లు. యోహానయ్య గారు ఎప్పుడో పోయాడు. సంఘపెద్ద ఇప్పుడు ప్రభాకర్. జుట్టు తెల్లబడింది, మనిషి మెత్తబడ్డాడు, గుమ్మంలో అందరికీ చేతులు జోడిస్తున్నాడు. నేనెవరో చెప్పాను. ఆయన ముఖం వికసించింది. నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సామేలు గారి బిడ్డవా? పెట్టె మోస్కొస్తుండె, గాయినేనా? అయ్యో, మస్తు మంచోడు పాపం. ఎప్పుడు లేటొస్తుండె గని, మస్తు మంచోడు."

"ఎప్పుడు కాదన్నా" అన్నాను. "ఆ ఒక్కనాడే. ఆ నాడు బాట మీద ఐరేని కుండల బండి—"

"అవునవును" అని నా చెయ్యి తట్టాడు. "నువ్వు కూసో అక్కా, ముందల కూసో. మైకు చూసొస్త." నా మాట వినకూడదని పోలేదు. మైకు నిజంగానే కీచుమంటోంది.

ముందు వరసలోనే కూర్చున్నాను. పాటలయ్యాయి, గట్టిగా, ఛాతీ అదిరేటట్టు. నేను చెప్పాల్సింది మనసులో వరుసగా పెట్టుకుంటున్నాను, పొద్దున్నే బయలుదేరడం, చాయ్ తాగకపోవడం, కంకర కుప్పలు, గీసుకుపోయిన చెయ్యి. సాక్ష్యాల సమయంలో లేచి మాట్లాడదామనుకున్నాను. అంతలో ప్రభాకర్ మైకు అందుకొని, సంఘాన్ని మొదట నిలబెట్టినవాళ్ల కోసం కృతజ్ఞతా ప్రార్థన చేద్దాం, అందరూ కళ్లు మూసుకోండి అన్నాడు. యోహానయ్య గారి పేరు చెప్పాడు. స్థలం ఇచ్చినవారి పేరు చెప్పాడు. గొంతులో తడి ఉంది, నటన లేదు. తర్వాత, "పట్నం నుంచి సైకిలు మీద పెట్టె కట్టుకొని, ఆలస్యమైనా సరే రాకుండా ఉండని మా సామేలు మాస్టరు గారి కొరకు నీకు స్తోత్రం తండ్రీ" అన్నాడు.

ఎవరి మాటకైనా లేచి నిలబడి అడ్డం చెప్పగలను. చెప్పాను కూడా, ఆఫీసుల్లో, గుమ్మాల్లో, నడిరోడ్డు మీద. ప్రార్థనకు అడ్డం చెప్పడం నాకెవరూ నేర్పలేదు. చుట్టూ మందిరమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అన్నది. అలవాటు మీద నా నోరు కూడా అన్నది.